పదకొండు మెట్లు

నా పందొమ్మిదో ఏట ఈ అడ్డుకట్ట పోశాం,
మేస్త్రీ ఇసోగాయ్, ఇంకో ఆరుగురు, నేను.
సిమెంటు ఆరకముందే పుల్లతో
ఓ మూల పేరు గీసుకున్నాను.
ఏరు సన్నబడితే ఇప్పటికీ కనిపించేది:
తెత్సురో. షోవా నలభై తొమ్మిది.

నీళ్ళ కింద ఎవరుంటారో మాకేం తెలుసు?
అంటే, తెలుసు.
మా నాయనమ్మ దాన్ని హన్జాకి అనేది.
సగానికి చీల్చినా చావదట.
కరువు నాళ్ళలో ఆమె చీల్చి చూసింది కూడా.
సన్షో ఆకు నలిపినట్టు వాసన,
మూడు రోజులు వంటింట్లోంచి పోలేదని చెప్పేది,
తప్పు ఒప్పుకున్నట్టు కాదు,
వంట నేర్పుతున్నట్టు.

నిరుడు సెప్టెంబరులో నత్సుహో వచ్చింది,
చంకల దాకా రబ్బరు తొడుగు, నుదుటి మీద దీపం.
"తాతా, ఆ గోడ కట్టింది మీరేనటగా?"
మామూలుగానే అడిగింది.
నాకే పోలీసు అడిగినట్టు వినిపించింది.

రాత్రి చూపించింది.
మొదట అది రాయి.
తర్వాత రాయికి వేళ్ళున్నాయి.
నా కాలంత పొడవు,
పక్కల పొడవునా తోలు మడతలు,
ఇస్త్రీ ఎరగని చొక్కాలా.
"ఊపిరితిత్తులు పేరుకే తాతా,
ఈ తోలుతోనే పీలుస్తుంది.
నీరు చల్లగా పారినంత కాలం
ఒళ్ళంతా ముక్కే."
రెప్పల్లేని కళ్ళు, ఆవగింజలంత.
మూతి మీద మాత్రం తోలు లేచి తెల్లగా ఉంది.

"గుడ్ల కాలానికి ఎగువకు పోవాలి.
మీ గోడ దగ్గర ఆగిపోతుంది."
గోడకేసి తల కొట్టుకోవడం
ఉత్త మాటవరస అనుకున్నాను ఇన్నాళ్ళూ.

మెడ వెనక యంత్రం ఆనిస్తే అంకెలు పలికాయి.
తోక చివర గోరంత ముక్క తీసి సీసాలో వేసింది.
దిగువ పట్నం ఏళ్ళలో చైనా జాతి కలిసిపోయిందట,
ఎవరో తిండికని తెచ్చి వదిలినవి.
కలిసిన వాటిని ఏం చేస్తారు?
తొట్లలో ఉంచుతారు.
ఎన్నాళ్ళు?
"అరవై ఏళ్ళు బతుకుతాయి తాతా," అంది,
సీసా మూత బిగిస్తూ.

దీని వయసెంతో ఆమెకూ తెలీదు.
గోడ కంటే పెద్దదే కావచ్చు.
అంటే గోడ లేని ఏరు
దీనికి గుర్తుందేమో.

ఈ మేలో మెట్లు మొదలుపెట్టాం.
మడులకు నీరు తగ్గితే ఊరుకోమని
పంచాయతీ ఆఫీసు కురామోచి రెండుసార్లు వచ్చి చెప్పాడు.
పదకొండు మెట్లు, ఒక్కోటి జానెడు ఎత్తు,
పక్కన గుండ్రాళ్ళు.
"నున్నగా తీయొద్దు," అంది నత్సుహో,
"దాని వేళ్ళకి పట్టు దొరకాలి."
యాభై ఏళ్ళు నున్నగా రుద్దిన చెయ్యి,
తాపీ దానంతటదే వెళ్ళిపోతుంది.
ఆమె చూడనప్పుడు నా చేతిని నేనే కొట్టుకున్నాను.
మొదటి మెట్టు కింద నా పేరు పూడిపోయింది.
మళ్ళీ ఎక్కడా గీయలేదు.

మధ్యాహ్నం అన్నం ముద్దలు తింటూ చెప్పింది:
గట్టు బొరియలో కాపలా మగదే.
పూసలదండల్లా ఐదువందల గుడ్లు,
వాటికి తోకతో నీరు విసురుతుంది.
కుళ్ళిన గుడ్డు తనే మింగుతుంది,
పక్క గుడ్డుకి బూజు అంటకుండా.
పిల్లలు బయటపడ్డాకా కదలదు,
మంచు కురిసి కరిగే దాకా.

నా కూతురు పుట్టినప్పుడు నేను
ఇంకో లోయలో ఇంకో గోడ పోస్తున్నాను.
ఆ మాట ఆమెకు చెప్పలేదు.
ఊరగాయ ముక్క నమిలాను.

మళ్ళీ సెప్టెంబరు.
దోమలకు కాళ్ళు అప్పగించి
పన్నెండు రాత్రులు కూర్చున్నాను.
పదమూడో రాత్రి వచ్చింది,
అదే తెల్ల మూతి.
అలవాటుగా గోడ వైపే పోయింది.
కొట్టుకుంది. ఆగింది.
ఒక్క గుక్క గాలికి పైకి లేచి మునిగింది.
చాలాసేపటికి పక్కకు తిరిగింది.

రెండో మెట్టు. మూడు.
నాలుగో దాని మీద ఆగిపోయింది,
నాకు మోకాళ్ళు ఆగినట్టే.
నా వెలుతురు దానికి గుచ్చుకుంటుందేమో అనిపించి
దీపం ఆర్పేశాను.

పైకి పోయిందో, జారిందో చూడలేదు.
చీకట్లో విన్నాను:
గరుకు సిమెంటు మీద
తడి పొట్ట ఈడ్చుకునే చప్పుడు.